ఏడాది అప్రెంటిస్‌షిప్: జిరాక్స్‌లు తీస్తూ కూర్చుంటే ఏం నేర్చుకుంటాం?

ఖని_పోరడు
మెకానికల్ డిప్లొమా అయిపోయింది. నాట్స్ (కేంద్రం అప్రెంటిస్‌షిప్ పథకం) పోర్టల్‌లో దరఖాస్తు పెడితే మా దగ్గరే ఒక పవర్ ప్లాంట్‌లో ఏడాది అప్రెంటిస్‌గా తీసుకున్నారు. ఇంట్లో ఉద్యోగమే వచ్చినంత సంబరం. చేరి రెండో నెల నడుస్తోంది, ఇంతవరకు స్పానర్ పట్టలేదు. మెయింటెనెన్స్ ఆఫీసులో ఒక మూల కుర్చీ ఇచ్చారు. డిఫెక్ట్ రిజిస్టర్ రాయడం, ఇండెంట్లు (సామాను కావాలని స్టోర్స్‌కి రాసే కాగితాలు) జిరాక్స్ తీయడం, స్టోర్స్‌కి వెళ్ళి సంతకం పెట్టించుకు రావడం, ఇవే పనులు. మిగతా టైమ్ ఫోన్. నాతో చేరిన ఇద్దరు "మంచిదే కదరా, కూర్చుని ఈసెట్‌కి చదువుకోవచ్చు" అంటున్నారు. ఏడాది తర్వాత ఎవరైనా "ప్లాంట్‌లో ఏం చేశావ్" అని అడిగితే ఏం చెప్పాలో అని నాకు టెన్షన్. సార్లను అడిగితే "చూద్దాంలే" అంటారు. ఇలాంటి ట్రైనింగ్ చేసినవాళ్ళుంటే చెప్పండి, ఈ ఏడాదిని ఎలా వాడుకోవాలి?

టెన్షన్_పార్టీ
జిరాక్స్ మెషీన్ రిపేర్ నేర్చుకో. హన్మకొండ చౌరస్తాలో షాపు పెట్టుకోవచ్చు.

పాత_పాలిటెక్నిక్
తమ్మీ, నీ ముందున్న డిఫెక్ట్ రిజిస్టర్‌ను తక్కువ అంచనా వేస్తున్నావు. ప్లాంట్‌లో ఏది ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది, ఏం మార్చారు అన్నదంతా అందులోనే ఉంటుంది. ఏళ్ళ తరబడి పనిచేసిన ఫిట్టర్‌కి తన ఏరియా బాగా తెలుస్తుంది, పక్క ఏరియా అంతగా తెలియదు. నీకు అన్నీ ఒక్క పుస్తకంలో దొరుకుతున్నాయి.

పోయిన ఏడాది రిజిస్టర్ అడిగి తీసుకో. మాటిమాటికీ పేరొచ్చే యంత్రాలను ఒక నోట్‌బుక్‌లో రాసుకో. ఏదో ఒక పంపుకి గ్లాండ్ (షాఫ్ట్ చుట్టూ నీళ్ళు కారకుండా ప్యాకింగ్ వేసే చోటు) లీక్ అని పదే పదే కనిపిస్తుంది. ఒక కన్వేయర్ బెల్టు పక్కకు జరుగుతోందని ఉంటుంది. బొగ్గు పొడి చేసే మిల్లు వైబ్రేషన్ ఎక్కువని ఉంటుంది. వాటిలో ఒక్కటి పట్టుకుని "ఇది ఎందుకు మళ్ళీ మళ్ళీ వస్తోంది సార్" అని అడుగు. "నాకు పని ఇవ్వండి" అంటే ఎవరికీ వినే తీరిక ఉండదు. ఫలానా పంపు అని అడిగితే మాత్రం ఇంజినీర్ ఆగి చెబుతాడు. ఎందుకంటే ఆ పంపు ఆయనకూ తలనొప్పే.

ఇండెంట్ జిరాక్స్ తీసేటప్పుడు చదివి తీయి. బేరింగ్ నంబర్ 6205 అని ఉంటే చివరి రెండంకెల్ని ఐదుతో హెచ్చవేయి, లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లు. 22220 అయితే 100. నేనిప్పుడు పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీ మెయింటెనెన్స్‌లో ఉన్నా. ఇంటర్వ్యూకి వచ్చే డిప్లొమా పిల్లల్ని మేం ముందుగా అడిగేవాటిలో ఇదొకటి. ఫస్ట్ క్లాసు వచ్చినవాళ్ళు కూడా తెల్లమొహం వేస్తారు.

కాజీపేట_జంక్షన్
@పాత_పాలిటెక్నిక్ ఆ లెక్క 04 నుంచి పైకే అన్నా. 00 అంటే 10, 01 అంటే 12, 02 అంటే 15, 03 అంటే 17. ఐదుతో హెచ్చవేస్తే 00కి సున్నా వస్తుంది మరి.

పాత_పాలిటెక్నిక్
కరెక్టే. ఐటీఐ వాళ్ళ ముందు లెక్కలు జాగ్రత్తగా చెప్పాలి.

సెకండ్_షిఫ్ట్
రిజిస్టర్ గురించి అన్న చెప్పింది కొంతవరకే ఒప్పుకుంటా. రిజిస్టర్‌లో "గ్లాండ్ ప్యాకింగ్ మార్చబడినది" అని ఒక్క లైను ఉంటుంది. ఆ లైను వెయ్యిసార్లు చదివినా ప్యాకింగ్ వేయడం రాదు. రింగు ముక్కను ఏటవాలుగా ఎలా కోస్తారు, ఒక రింగు అతుకు పక్క రింగు అతుకు మీదకు రాకుండా ఎలా తిప్పి పెడతారు, నట్లు ఎంతవరకు బిగిస్తారు, ఇవన్నీ పక్కన నిలబడి చూస్తేనే తెలుస్తాయి. కొత్తవాళ్ళందరూ నీళ్ళు ఒక్క చుక్క కారకూడదని బిగించేస్తారు. కొద్దిగా చుక్కలు పడుతుండాలి, ప్యాకింగ్‌ని చల్లగా ఉంచేది ఆ నీళ్ళే. పూర్తిగా బిగిస్తే ప్యాకింగ్ మాడిపోతుంది, షాఫ్ట్ స్లీవ్‌కి గీతలు పడతాయి. ఏ రిజిస్టర్‌లోనూ ఇది ఉండదు.

కాబట్టి నా మాట ఇది: ఒక్క మనిషిని పట్టుకో. సెక్షన్‌లో చేతిపని బాగా తెలిసిన ఫిట్టర్ ఎవరో వారంలో తెలిసిపోతుంది. ఏ బ్రేక్‌డౌన్ వచ్చినా అందరూ ఫోన్ చేసేది ఆయనకే. చాలా చోట్ల ఆయన కాంట్రాక్ట్ మనిషి అయి ఉంటాడు. మన డిప్లొమా పోరగాళ్ళు ఇక్కడే చెడిపోతారు. ఇంజినీర్ల వెనక "సార్ సార్" అని తిరుగుతారు, కాంట్రాక్ట్ ఫిట్టర్‌ని మాత్రం "ఏయ్" అంటారు. ఆయన్ని అన్నా అని పిలువు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తీసుకుని ఆయన దగ్గరే కూర్చో. ఆయన టూల్ బ్యాగ్ మోయి. సిగ్గుపడకు. కొన్నాళ్ళకు ఆయనే "ఈ డయల్ గేజ్ పట్టుకో" అంటాడు.

సర్వపిండి
డబ్బాలో సర్వపిండి ఉంటే ఇంకా తొందరగా డయల్ గేజ్ చేతికొస్తుంది. అనుభవంతో చెబుతున్నా.

సర్కారీ_కల
అందరూ ఎమోషనల్ అవుతున్నారు. ప్రాక్టికల్‌గా మాట్లాడుకుందాం. ఏడాది తర్వాత ఆ ప్లాంట్ ఇతన్ని తీసుకోదు. చేతికొచ్చేది ఒక సర్టిఫికెట్. మన దగ్గర డిప్లొమా వాడికి మంచి దారులు రెండే: ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరడం, లేదా ఏఈ, సబ్ ఇంజినీర్ నోటిఫికేషన్ల కోసం చదవడం. రెండింటికీ పుస్తకమే కావాలి, గ్లాండ్ ప్యాకింగ్ కాదు. ఏసీ రూములో కుర్చీ ఇచ్చి, స్టైపెండ్ ఇచ్చి చదువుకో అంటుంటే టూల్ బ్యాగ్ మోయమని సలహాలు. మా రూమ్మేట్ తన అప్రెంటిస్ ఏడాదంతా ఆఫీసులో కూర్చుని చదివాడు, ఇప్పుడు సర్కారీ ఉద్యోగంలో ఉన్నాడు.

టెన్షన్_పార్టీ
కుర్చీ ఒక్కటే అన్నాడు. ఏసీ నువ్వు పెట్టావు.

పాత_పాలిటెక్నిక్
@సర్కారీ_కల మీ రూమ్మేట్‌కి వచ్చింది, సంతోషం. అదే ఏడాది అదే పరీక్ష రాసి రానివాళ్ళ గురించి కూడా చెప్పు. వాళ్ళ చేతిలో ఇప్పుడు ఏముంది? నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో నీ చేతిలో లేదు. వచ్చాక కోర్టుకు వెళ్ళదని గ్యారంటీ లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ప్లాంట్‌లో నేర్చుకో, రాత్రి రెండు గంటలు చదువుకో. ఆఫీసులో దొంగచాటుగా చదివే చదువు ఎవరికీ తలకెక్కదు. డోర్ చప్పుడైతే పుస్తకం మూయాలి.

సర్కారీ_కల
రాత్రి రెండు గంటలు అని చెప్పడం తేలిక. షిఫ్టులు చేసి వచ్చినవాడికి కళ్ళు మూతలు పడతాయి. అయినా తమ్ముడు ఈసెట్ రాయాలనుకుంటున్నాడా లేదా, అది ముందు అడగండి.

ఖని_పోరడు
ఈసెట్ ఈసారి రాయను అన్నా. ఇంట్లో పరిస్థితి వల్ల ముందు ఏదైనా ఉద్యోగంలో చేరాలి. ప్రైవేటైనా సరే. తర్వాత చూసుకుంటా.

సర్కారీ_కల
అలాగైతే నా సలహా మారుతుంది. టూల్ బ్యాగే మోయి.

మంచిర్యాల_నాన్న
మా అబ్బాయి కూడా ఎలక్ట్రికల్ డిప్లొమా. ఇలాంటి అప్రెంటిస్‌కే పిలుపు వచ్చింది. ఏడాది బాగా చేస్తే పర్మినెంట్ చేస్తారని మా వీధిలో అందరూ అంటున్నారు. ఎనిమిది వేలకు ఏడాది పంపించవచ్చా? తెలిసినవాళ్ళు చెప్పగలరు.

రూల్స్_మామ
సార్, పర్మినెంట్ ఆశతో పంపకండి. అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం ట్రైనింగ్ అయ్యాక ఎవరిని తీసుకోవాలన్న పాలసీ ప్రతి సంస్థ తానే పెట్టుకుంటుంది, అందరికీ ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు. కొన్ని సంస్థలు తమ నియామకాల్లో అప్రెంటిస్‌లకు వాటా పెట్టుకుంటాయి. రైల్వేలో లెవెల్ 1 పోస్టుల్లో 20 శాతం అప్రెంటిస్ పూర్తిచేసినవాళ్ళకు ఉంది, కానీ అది ఐటీఐ ట్రేడుల వైపు కథ. మీవాడి సంస్థలో అలాంటిది ఉందో లేదో చేరకముందే హెచ్‌ఆర్‌లో నేరుగా అడగండి. వీధిలో అడగకండి.

మిగతా సంగతులు ఒకేసారి చెప్పేస్తా, ఖని తమ్ముడికీ పనికొస్తాయి. ముప్పై మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థ ఏదైనా తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. తప్పనిసరి. తమ్ముడికి మూల కుర్చీ ఎందుకు దొరికిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. కొన్నిచోట్ల లెక్క సరిపెట్టడానికి తీసుకుంటారు, తీసుకున్నాక ఏం చేయించాలో ఆలోచించే మనిషే ఉండడు. నీ మీద కోపమేమీ కాదు, నువ్వు ఎవరికీ గుర్తు లేవు, అంతే.

స్టైపెండ్: 2019లో సవరించిన రూల్స్‌లో డిప్లొమాకి కనీసం 8,000, డిగ్రీకి 9,000 పెట్టారు, ఇప్పటి మొత్తం పోర్టల్‌లో చూసుకోండి. సంస్థ ఇంకా ఎక్కువ ఇవ్వచ్చు. ఆ కనీసం మొత్తంలో సగం కేంద్రం భరిస్తుంది. 2024 నుంచి కేంద్రం వాటా నేరుగా మన ఖాతాకే వస్తోంది. ఆధార్‌కి లింకైన ఖాతా ఏదో ముందే చూసుకోండి. చాలామంది పిల్లలకు ఇంటర్‌లో స్కాలర్‌షిప్ కోసం తెరిచిన పాత ఖాతా లింకై ఉంటుంది. డబ్బు అక్కడ పడుతుంటే ఇక్కడ రాలేదని ఏడుస్తుంటారు.

పీఎఫ్, ఈఎస్ఐ అడగకండి, అప్రెంటిస్ కార్మికుడి కిందకు రాడు. కానీ ఫ్యాక్టరీలో భద్రత, ఆరోగ్యం విషయంలో చట్టం అప్రెంటిస్‌కీ కార్మికుడితో సమానంగా వర్తిస్తుంది. పనిలో గాయపడితే నష్టపరిహారం యజమాని ఇవ్వాలి. ఓవర్‌టైమ్ చేయించాలంటే అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ అనుమతి ఉండాలి. "ఈ రాత్రికి ఉండిపో బాబూ" అని నోటిమాటగా ఉంచేది కాదు.

మంచిర్యాల_నాన్న
ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. పర్మినెంట్ లేకపోతే మరి దేనికి పంపాలి అన్నదే ఇంట్లో గొడవ.

మెగ్గర్_పిల్ల
@మంచిర్యాల_నాన్న అంకుల్, నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి ఇలాగే ఏడాది చేశాను, కాబట్టి చెబుతున్నా.

నన్ను మొదట లైబ్రరీలో కూర్చోబెట్టారు. "ఆడపిల్లవు, ఫీల్డ్‌లో దుమ్ము, నీకెందుకమ్మా" అని. ప్రేమగానే అన్నారు, అదే పెద్ద ఇబ్బంది. కోపంగా అంటే వాదించవచ్చు, ప్రేమగా అంటే ఏం చేస్తాం. నెల చూశాను. తర్వాత తెల్ల కాగితం మీద ఒక లెటర్ రాశాను. కంప్లయింట్ రాయలేదు. నా ట్రైనింగ్‌లో ఏయే సెక్షన్లలో ఎంతకాలం ఉండాలనుకుంటున్నానో ఒక ప్లాన్ రాసి, "అనుమతించగలరు" అని పెట్టాను. స్విచ్‌గేర్, మోటార్ల రిపేర్, రిలే టెస్టింగ్, బ్యాటరీ రూము. సార్ దాని మీద సంతకం పెట్టడానికి పెన్ను తీశాక చేసింది రెండే మార్పులు. పైవాళ్ళు మనకు ప్లాన్ వేయరు. మనం వేసుకుని తీసుకెళ్తే దాన్ని దిద్దుతారు. దిద్దడం తేలిక కదా.

టెస్టింగ్‌లో పడ్డాక ఏడాది ఎలా అయిపోయిందో తెలియలేదు. కాలేజీలో మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) అంటే హ్యాండిల్ తిప్పడం, రీడింగ్ రాయడం. ఇక్కడ 6.6 కేవీ మోటార్‌కి 5 కేవీ మెగ్గర్ పెట్టి, ఒక నిమిషం దగ్గర రీడింగ్, పది నిమిషాల దగ్గర రీడింగ్ తీసి, రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తారు. రెండుకి పైన వస్తే ఊపిరి పీల్చుకుంటారు. తక్కువ వస్తే వైండింగ్‌లో తేమో మురికో ఉందని హీటర్లు పెట్టి ఆరబెడతారు. వానాకాలంలో చాలాకాలం ఆగి ఉన్న మోటార్‌ని అలా చూడకుండా స్టార్ట్ చేస్తే ఏమవుతుందో ఒక కాలిపోయిన మోటార్ పక్కన నిలబెట్టి చూపించారు. టెస్ట్ అయ్యాక వైండింగ్‌ని ఎర్త్ చేసి డిశ్చార్జ్ చేయకుండా చెయ్యి పెట్టకూడదని కూడా అక్కడే బుర్రకెక్కింది.

ఇప్పుడు నాకు ఉద్యోగం ఇచ్చింది ఆ ప్లాంట్ కాదు. టెస్టింగ్ పనులు చేసే ఒక ప్రైవేటు సంస్థ. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ చూడలేదు, నా నోట్‌బుక్ అడిగి తీసుకుని పావుగంట తిరగేశారు. దేనికి పంపాలి అన్నారు కదా అంకుల్, ఆ నోట్‌బుక్ కోసం పంపండి.

సెకండ్_షిఫ్ట్
అక్క లెటర్ ఐడియా సూపర్. పది మంది అప్రెంటిస్‌లు వస్తే ఒక్కరు కూడా ప్లాన్ రాసి తీసుకురారు.

కీబోర్డ్_కాకతీయ
మీకు కనీసం మోటార్ కనిపించింది. నేను కంప్యూటర్స్. హైదరాబాద్‌లో ఒక సంస్థ ఇంటర్న్‌షిప్ ఇస్తామని నా దగ్గరే డబ్బు అడిగింది. ఆరు నెలల సర్టిఫికెట్‌కి ఒక రేటు, ఏడాదికి ఇంకో రేటు.

రూల్స్_మామ
డబ్బు అడిగారంటే అది ట్రైనింగ్ కాదు, సర్టిఫికెట్ల బేరం. నాట్స్‌లో అప్రెంటిస్ ఎవరికీ పైసా కట్టేది లేదు. వాళ్ళే మనకు ఇవ్వాలి. కాంట్రాక్టు కాగితం పోర్టల్‌లో రిజిస్టర్ కావాలి, అందులో బ్రాంచి, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉండాలి. ఏడాది అయ్యాక సర్టిఫికెట్ ఇచ్చేది చెన్నైలోని దక్షిణ ప్రాంత బోర్డు. పోర్టల్‌లో పేరు ఎక్కకుండా "చేరిపో, కాగితాలు తర్వాత" అంటే ఆ ఏడాది లెక్కలోకి రాదు.

పత్తి_చేను
నాది వేరే రూటు, అయినా రాస్తున్నా. బీఎస్సీ అగ్రికల్చర్ చివరి ఏడాదిలో మమ్మల్ని పల్లెకు పంపుతారు, రావెప్ అంటారు. పరకాల వైపు ఒక ఊళ్ళో రైతుల దగ్గర ఉన్నాం. మాకు అనుభవం రివర్స్: మాకు పని ఇవ్వకపోవడం కాదు, వెళ్ళిన రోజే మిర్చి చేలో నిలబెట్టి "నల్ల తామర పురుగుకు ఏం కొట్టాలె మేడం" అని అడిగారు. పుస్తకంలో ఉన్న మందు పేరు చెప్పాను. "అది పోయినేడు కొట్టినం, పోలే. ధర ఎంతో తెలుసా" అన్నారు. నోరు మూతపడింది.

మా బ్యాచ్‌లో తెలిసినట్టు నటించినవాళ్ళను ఊళ్ళో మళ్ళీ ఎవరూ ఏమీ అడగలేదు. "తెలియదు, రేపు కనుక్కుని వస్తా" అని, వరంగల్ పరిశోధన స్థానంలో సార్లను అడిగి నిజంగానే మర్నాడు వెళ్ళి చెప్పినవాళ్ళకు మాత్రం ప్రతి ఇంట్లో చాయ్ దొరికింది. ఒక తాత తన చేలో నీలిరంగు జిగురు అట్టలు నన్నే కట్టమన్నాడు. మీ ఫిట్టర్ అన్నల దగ్గర కూడా ఇదే పనిచేస్తుందనుకుంటా.

సెకండ్_షిఫ్ట్
నూటికి నూరు శాతం. తెలిసినట్టు తల ఊపేవాణ్ని ఫిట్టర్ ఒక్క నిమిషంలో పసిగడతాడు.

ఖని_పోరడు
అందరికీ థాంక్స్. కొంచెం కదిలింది. పాత రిజిస్టర్ చూస్తే బూడిద నీళ్ళు తోడే ఒక పంపు పేరు ప్రతి పేజీలో ఉంది. దాని గురించి అడిగితే జేఈ సార్ మొదటిసారి నా పేరు అడిగారు! బూడిద నీళ్ళలో ఇసుకలా ఉండి ఇంపెల్లర్‌ని, కేసింగ్‌ని అరగదీస్తుందని చెప్పి, స్టోర్స్‌లో అరిగిన ఇంపెల్లర్, కొత్తది పక్కపక్కన పెట్టి చూపించారు. రెక్కలు సగం లేవు.

ఒక డౌట్. నిన్న సాయంత్రం బొగ్గు సెక్షన్‌లో ఒకాయన "కన్వేయర్ కింద రోలర్ చప్పుడు వస్తోంది, లైటు పట్టుకుని లోపలికి వంగి చూడు" అన్నాడు. బెల్టు నడుస్తోంది. నేను వెనకాడితే నవ్వారు. అలాంటప్పుడు ఏమనాలి? మళ్ళీ ఆఫీసుకు పంపేస్తారేమోనని భయం.

సెకండ్_షిఫ్ట్
వంగకు. నవ్వితే నవ్వనీ.

నడిచే బెల్టు దగ్గర గార్డు లోపలికి చెయ్యి, తల, లైటు, గుడ్డ ఏదీ పోకూడదు. చొక్కా అంచు రోలర్‌కి అందితే లాక్కోవడానికి క్షణం చాలు, మనం వెనక్కి లాక్కునేంత టైమ్ ఉండదు. రోలర్ చూడాలంటే పర్మిట్ (పనికి రాతపూర్వక అనుమతి) తీసుకోవాలి, మోటార్ బ్రేకర్ ఆఫ్ చేసి తాళం వేసి ట్యాగ్ కట్టాలి, లోకల్‌గా స్టార్ట్ నొక్కి తిరగడం లేదని చూసుకోవాలి. ఆ తర్వాతే వంగడం. బెల్టు పక్కన పొడవునా తాడు ఉంటుంది చూడు, అది లాగితే బెల్టు ఆగుతుంది. ఏ గ్యాలరీలోకి వెళ్ళినా ముందు ఆ తాడు ఎక్కడుందో కళ్ళతో చూసుకుని అడుగు పెట్టు.

ఏమనాలి అంటావా: "అన్నా, పర్మిట్ నంబర్ ఎంత?" అని అడుగు. అంతే. వాదించకు. అలవాటున్నవాడికి ఆ ఒక్క ప్రశ్న చాలు.

రూల్స్_మామ
ఇంకా ఒత్తిడి చేస్తే సేఫ్టీ ఆఫీసర్‌కి చెప్పు. నువ్వు ట్రైనీవి, పర్మిట్ లేని పనిలో నిన్ను పెట్టడం వాళ్ళ మెడకే చుట్టుకుంటుంది. ఆఫీసుకు పంపితే పంపనీ, వేళ్ళు పదీ ఉంటాయి.

పాత_పాలిటెక్నిక్
పర్మిట్ ఎలా రాస్తారు, ఎవరెవరు సంతకం పెడతారు, పని అయ్యాక ఎలా రద్దు చేస్తారు అన్నది పూర్తిగా నేర్చుకో. పెద్ద ఫ్యాక్టరీలన్నిట్లో ఇంచుమించు అదే పద్ధతి. ఇంటర్వ్యూలో కొత్తవాడు పర్మిట్ గురించి సరిగ్గా చెబితే మేం మిగతా ప్రశ్నలు సగం తగ్గిస్తాం.

సర్వపిండి
రానుపోను సంగతి ఎవరూ రాయలేదు. కాజీపేట నుంచి రామగుండం వైపు ట్రైనింగ్‌కి తిరిగే పోరగాళ్ళు రైలు నెల పాస్ తీసుకోండి, రోజూ టికెట్ కొంటే స్టైపెండ్ అంతా దానికే పోతుంది. జనరల్ షిఫ్ట్ అయితేనే కుదురుతుంది. పొద్దున ఆరింటి షిఫ్ట్ పడితే అక్కడే రూము తీసుకోక తప్పదు.

మెగ్గర్_పిల్ల
ఆడవాళ్ళం, మాకు బస్సు ఫ్రీ.

టెన్షన్_పార్టీ
2023 డిసెంబర్ నుంచి ఈ ఒక్క మాటకు మా దగ్గర జవాబు లేదు.

సెకండ్_షిఫ్ట్
@ఖని_పోరడు ఒకటి మర్చిపోకుండా చెయ్. ప్లానింగ్ సెక్షన్‌కి వెళ్ళి ఈ ఏడాది ఏ యూనిట్ ఎప్పుడు ఓవర్‌హాల్‌కి ఆగుతుందో కనుక్కో. ప్లాంట్ నడుస్తున్నప్పుడు నీకు కనిపించేది పైన కప్పిన ఇన్సులేషన్ రేకు మాత్రమే. ఓవర్‌హాల్‌లో అన్నీ విప్పుతారు. బాయిలర్ లోపల పరంజా కట్టి ట్యూబుల మందం కొలుస్తారు, ఫ్యాన్ బేరింగ్‌లు తీస్తారు, క్యాపిటల్ ఓవర్‌హాల్ అయితే టర్బైన్ కేసింగే ఎత్తుతారు. ఆ రోజుల్లో అందరికీ మనుషులు తక్కువే, అప్రెంటిస్‌ని వద్దనేవాడు ఉండడు. సెలవులేమైనా ఉంటే ముందే వాడేసుకో, అప్పటికి ఒక్కటి కూడా పెట్టకు.

సర్వపిండి
మేడారం జాతర అప్పుడే పడితే?

సెకండ్_షిఫ్ట్
జాతరకు ముందు వెళ్ళేది షిఫ్ట్ ఇన్‌చార్జే. నీకు ఇంకా ఎక్కువ పని దొరుకుతుంది.

మంచిర్యాల_నాన్న
ఇదంతా మా అబ్బాయికి చదివి వినిపించాను. వెళ్తానంటున్నాడు. నోట్‌బుక్‌లో ఏం రాయాలని అడుగుతున్నాడు. మెగ్గర్ అమ్మాయి చెప్పగలదా?

మెగ్గర్_పిల్ల
తేదీ, ఏ యంత్రం, నేమ్‌ప్లేట్ వివరాలు, ఏం ఫాల్ట్, ఏం చూశారు, ఏం మార్చారు, రీడింగ్‌లు. చేత్తో గీసిన బొమ్మ ఒకటి, వంకరగా ఉన్నా పర్లేదు. చివర "అర్థం కానిది" అని ఒక లైను. ఆ లైను ఖాళీగా ఉంటే ఆ రోజు సరిగ్గా చూడలేదని అర్థం. ఫోటోలు తీయనివ్వరు చాలాచోట్ల, ఫోన్ మీద ఆధారపడొద్దని చెప్పండి. ప్లాంట్ డ్రాయింగ్‌లు, కాగితాలు బయటికి తేకూడదు, నేర్చుకున్నది మన మాటల్లో రాసుకోవాలి.

సర్కారీ_కల
అదే నోట్‌బుక్‌లో రోజుకో పేజీ ఏఈ సిలబస్ కూడా రాసుకోమనండి అంకుల్. నా మాట ఒక్కటైనా వినండి.

పాత_పాలిటెక్నిక్
ఇది మాత్రం వినండి. థర్మోడైనమిక్స్ చదివిన రోజే బాయిలర్ చూస్తే రెండూ మనసులో ఉంటాయి.

ఖని_పోరడు
మెగ్గర్ అక్క చెప్పినట్టే ప్లాన్ రాసి ఇచ్చాను. సార్ పంపులు, మిల్లులు, ఫ్యాన్లు అని మూడు భాగాలు చేసి, నేను రాసిన టర్బైన్ కొట్టేశారు. అది ఓవర్‌హాల్ అప్పుడు చూద్దాం అన్నారు. సోమవారం నుంచి ఫీల్డ్. సగం రోజు మాత్రం రిజిస్టర్ నేనే రాయాలంట, నా అక్షరాలు బాగున్నాయట. సేఫ్టీ షూ స్టోర్స్‌లో నా సైజు లేదంటున్నారు.

సెకండ్_షిఫ్ట్
షూ లేకుండా ఫీల్డ్‌కి పోకు. సైజు పెద్దదైతే తీసుకోకు, నిచ్చెన మీద జారుతుంది. సేఫ్టీ సెక్షన్‌కి రాసివ్వు, తెప్పిస్తారు. అప్పటిదాకా ఆ కాస్త టైమ్ రిజిస్టర్‌తో గడుపు.

కాజీపేట_జంక్షన్
నేను ఫిట్టర్ ట్రేడ్ ఐటీఐ. పైన మామ రైల్వే 20 శాతం అన్నారు కదా, ప్రైవేటు ఫ్యాక్టరీలో చేసిన అప్రెంటిస్ దానికి పనికొస్తుందా, రైల్వే షెడ్‌లోనే చేసి ఉండాలా?

రూల్స్_మామ
తమ్మీ, అది ఇక్కడ మొదలుపెడితే ఈ చర్చ తెల్లారదు. ఐటీఐ వాళ్ళకు వేరే చర్చ పెట్టు, నోటిఫికేషన్‌లో ఆ పేరా ఫోటో తీసి అందులో వేయి. చూసి చెబుతా.